వైఫై పెట్టె ఎక్కడ బిగించాలి?

(పెన్షనర్ల దినం సందర్భంగా స్టేషన్ ఘన్‌పూర్‌లోని మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా కేసు గురించి చెప్పుకుంటాం. ఫలానా తేదీకి ముందు రిటైరైన వారికి ఒక లెక్క, తరువాత రిటైరైన వారికి ఇంకో లెక్క అని పెన్షనర్లను విడదీయరాదని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ విషయం మీద నాకన్నా బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యవర్గం నాకప్పగించిన పని వేరు. "మీరు టెలిఫోన్సులో చేశారు గదా, మన భవనంలో కొత్తగా కొనే వైఫై పెట్టెలు ఎక్కడ బిగిస్తే బాగుంటుందో చెప్పండి. కంప్యూటరే నేర్చుకుని చెబుతుందంటున్నారు, అదేమిటో మాకర్థమయ్యేటట్టు చెప్పండి" అన్నారు. పని చిన్నదే. కానీ మన నవంబరు నెల బాధ దీనితో ముడిపడి ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకు ముందు వరుసలో నిలబడిన రోజులు మనకు గుర్తే. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలిముద్ర వేస్తే చాలన్నారు. కానీ మనలో చాలామందికి వేళ్ల గీతలు అరిగిపోయాయి. యంత్రం "గుర్తించలేదు" అనేది, మనం పదోసారి వేలు తుడుచుకునేవాళ్లం. 2021 నవంబరు నుంచి ఫోనులో ముఖం చూపించినా సరిపోతుందని కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు వీలు కల్పించారు. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ముఖం మనదగ్గరే ఉంటుంది, అరిగిపోదు. అయితే ఆ ముఖం ఇక్కడి నుంచి ఆధార్ కంప్యూటర్ దాకా పోవాలంటే ఫోనుకు ఇంటర్నెట్ అందాలి.

మన భవనంలో ఆ సర్టిఫికెట్ల శిబిరం పెట్టినప్పుడు బాగా వయసు మళ్లిన వారిని వెనుక గదిలో కూర్చోబెడతాం. అక్కడ మెట్లు లేవు, స్నానాలగది పక్కనే ఉంది, ఫ్యాను ఉంది. సిగ్నల్ మాత్రం లేదు. ఇప్పుడున్న ఒక్క పెట్టె ముందు ఆఫీసు గది తలుపు మీద ఉంది. అక్కడే ఎందుకుందంటే, తీగ తెచ్చిన కుర్రవాడికి అది అంతవరకే అందింది. కాబట్టి ప్రతి నవంబరులో ఏం జరుగుతోందంటే, అందరికన్నా కష్టంగా నడిచేవారిని అందరికన్నా ఎక్కువ దూరం నడిపించి, వరండాలో ఎండలో నిలబెట్టి ఫొటో తీస్తున్నాం. కొత్తగా రెండు పెట్టెలకు కార్యవర్గం డబ్బు మంజూరు చేసింది. పాతదాన్ని కూడా మార్చి, రెండూ కొత్తవే పెట్టాలని అనుకున్నారు. వాటి చోటు గురించే నా ప్రసంగం.

వైఫై అంటే రేడియోనే. ఒకప్పుడు ఇంట్లో రేడియో వినడానికి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టినవాళ్లం మనం. ఇప్పుడు ఈ పెట్టె రేడియో తరంగాలను పంపుతున్నా ఎవరూ లైసెన్సు అడగరు. 2005 జనవరిలో మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తితో వాడేవారికి లైసెన్సు లేకుండా వదిలిపెట్టారు. తక్కువ శక్తి అన్నది గుర్తుంచుకోండి. గోడ అడ్డం వస్తే అరిచి వినిపించే వీలు దానికి లేదు.

సిగ్నల్‌ను డెసిబెల్‌లో కొలుస్తారు. లైన్ లాస్ చూసిన మా శాఖవారికి ఇది కొత్త కాదు, మిగతావారికి రెండు ముక్కల్లో చెబుతాను. 3 తగ్గితే సగం. 10 తగ్గితే పదోవంతు. 20 తగ్గితే వందోవంతు. ఫోనులో ఇది మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. పెట్టె పక్కన నిలబడితే మైనస్ 30 ప్రాంతంలో ఉంటుంది. మైనస్ 67 దాకా వీడియోలో మాట్లాడుకోవచ్చు. మైనస్ 80 దాటితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, పని కాదు. ఆరుబయట దూరం రెట్టింపయితే 6 పోతుంది, అంటే నాలుగోవంతు మిగులుతుంది. ఈ ఒక్క లెక్కతో మైదానంలో పని జరుగుతుంది. ఇంట్లో జరగదు.

మన భవనమే చూడండి. ముందు సగం ఇటుక, స్లాబు. వెనుక సగం రాయి, డంగుసున్నంతో కట్టిన పాత ఇల్లు, గోడ మూరెడు మందం. మధ్యలో మన రికార్డుల ఇనుప బీరువాలు. ఇనుము రేడియోను వెనక్కి కొడుతుంది. నీరు దాన్ని మింగేస్తుంది, మనిషి ఒళ్లు సగానికి పైగా నీరే కాబట్టి మనమూ మింగుతాం. ఖాళీ హాల్లో బాగా అందిన సిగ్నల్ పెళ్లినాడు హాలు నిండాక అందకపోవడానికి ఇదొక కారణం.

మేము ఉద్యోగం చేసిన కాలంలో పల్లెలకు రేడియో మీద టెలిఫోను ఇచ్చేటప్పుడు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ పరిచి, రెండు చోట్ల మధ్య గీత గీసి, మధ్యలో ఏ గుట్ట తగులుతుందో చూసేవాళ్లం. మన ప్రాంతంలో గుట్టలకు కొదవలేదు గదా! గుట్ట తగిలితే స్తంభం ఎత్తు పెంచాలి, లేదా చోటు మార్చాలి. ఆ పటంలో గుట్ట ఉంటుంది కానీ ఇంటి లోపలి బీరువా ఉండదు.

పట్నాల్లో అయితే గీత గీసి లాభం లేదని జపానువారు ముందే గ్రహించారు. ఒకుమురా అనే ఇంజనీరు, ఆయన సహచరులు టోక్యో చుట్టుపక్కల బండిలో పరికరాలు పెట్టుకుని తిరిగి, ఎక్కడెక్కడ ఎంత సిగ్నల్ అందుతోందో కొలిచి, 1968లో ఆ వక్రరేఖలను ప్రచురించారు. 1980లో హాటా అనే ఆయన ఆ వక్రరేఖలను చిన్న చిన్న సూత్రాలుగా మార్చారు. ప్రపంచమంతటా సెల్ టవర్ల లెక్కలకు ఆ సూత్రాలు ఎంతగానో ఉపయోగపడ్డాయి. అందులో ఉన్న కిటుకు ఏమిటంటే, గోడ గోడకూ భౌతికశాస్త్రం లెక్క కట్టలేదు. ముందు తిరిగి కొలిచారు, కొలతల నుంచి సూత్రం రాబట్టారు. నా దృష్టిలో మెషిన్ లెర్నింగ్ అంటే ఇంతకన్నా పెద్ద వింత కాదు. సూత్రం రాబట్టే పని మనిషికి బదులు యంత్రం చేస్తుంది, అంతే తేడా. మెషిన్ లెర్నింగ్ అన్న మాటను 1959లోనే ఐబీఎం కంపెనీ ఇంజనీరు ఆర్థర్ శామ్యూల్ వాడారు. తనతో చెకర్స్ ఆడే కంప్యూటర్‌కు ఆట మెరుగుపరచుకోవడం నేర్పారాయన.

యంత్రం ఎలా నేర్చుకుంటుందని నన్ను చాలామంది అడిగారు. వడ్లు కొనే చోట మీరు చూసే ఉంటారు. అనుభవమున్న మనిషి నాలుగు గింజలు పంట కింద పెట్టి కొరికి "ఇంకా తేమ ఉన్నది, రెండు రోజులు ఆరబెట్టు" అంటాడు. తరువాత తేమ మీటరు పెడితే, కొనుగోలుకు హద్దు 17 శాతమైతే, అది 19 చూపిస్తుంది. ఆయనకు ఎవరూ సూత్రం చెప్పలేదు. మొదట్లో 16 అనుకున్నది మీటరులో 20 వచ్చి ఉంటుంది. పంటికింది ఆ మెత్తదనానికి తన మనసులో లెక్క మార్చుకున్నాడు. వేల పిడికిళ్ల తరువాత పన్నే మీటరయింది. యంత్రం చేసేదీ ఇదే. ముందు ఊహిస్తుంది, కొలతతో పోల్చుకుంటుంది, తేడా ఎంత వస్తే దాన్నిబట్టి తన లెక్కను కొద్దిగా సవరించుకుంటుంది, మళ్లీ ఊహిస్తుంది. విసుగు రాదు దానికి.

మా మనుమడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడూ నేనూ కలిసి రెండు ఆదివారాలు ఈ భవనంలో ఆ పని చేశాం. నేల మీద రెండడుగులకొక చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాం. ఒక పెట్టెను స్టూలు మీద పెట్టి ఒక్కో చోటికి మారుస్తూ, ప్రతి గుర్తు దగ్గరా కుర్చీ వేసుకుని కూర్చుని, ఫోను చూపే అంకె రాశాం. నిలబడి కాదు, కూర్చుని. మన వాళ్లు ఫోను చూసేది కూర్చునే గదా. ఒకే చోట నాలుగు వైపులా తిరిగి కొలవాలి, ఎందుకంటే మన వీపే అడ్డమవుతుంది. నోటు పుస్తకంలో గడులు ఇవి: పెట్టె నుంచి దూరం, మధ్యలో ఇటుక గోడలెన్ని, రాతి గోడలెన్ని, బీరువా అడ్డమా కాదా, చివరికి ఫోను చూపిన అంకె.

కొన్ని కొలతల చీటీలు యంత్రానికి చూపకుండా నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇది చాలా ముఖ్యం. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం చూసిన పిల్లవాడికి వచ్చే మార్కులను మీరు నమ్ముతారా? యంత్రం నేర్చుకున్నాక, నా జేబులోని చోట్లకు ఎంత వస్తుందో చెప్పమన్నాం. చాలా చోట్ల దగ్గరగానే చెప్పింది. మెట్ల దగ్గర మాత్రం తేడా వచ్చింది. చూస్తే, ఒక ఆదివారం అక్కడి ఇనుప జాలీ తలుపు తెరిచి ఉంది, రెండో ఆదివారం మూసి ఉంది. ఆ తలుపును కూడా ఒక గడిగా చేర్చాక సరిపోయింది. ఎదురుగా ఉన్న తలుపు మనకు కనిపిస్తుంది, యంత్రానికి గడిలో రాస్తేనే కనిపిస్తుంది.

మా వాడు మొదట పెద్ద పెద్ద పద్ధతుల పేర్లు చెప్పాడు. వందల ప్రశ్నల చెట్లను పెంచి వాటి చేత ఓట్లు వేయించేది ఒకటి, మెదడు నరాల అల్లికను పోలినది ఒకటి. విమానాశ్రయానికో, పెద్ద ఆసుపత్రికో అవి కావాలేమో. మనలాంటి భవనానికి, మాకున్నన్ని కొలతలకు, దూరానికింత, రాతి గోడకింత అని తూచే సాదా లెక్కే మేలని నా అభిప్రాయం. కొలతలు కొంచెమే ఉన్నప్పుడు పెద్ద పద్ధతి ఆ కాసిని అంకెలనూ బట్టీ పట్టేస్తుంది.

సరే, ఏ చోట ఎంత సిగ్నల్ వస్తుందో ఊహించడం అయింది. పెట్టె ఎక్కడ పెట్టాలన్నది రెండో పని, ఈ రెండింటినీ కలిపి చూడకూడదు. కరెంటు ప్లగ్గు, తీగ అందే చోట్లు మన భవనంలో పది ఉన్నాయి. పదింటిలో రెండు ఎంచుకోవడానికి 45 విధాలున్నాయి, ఒక మధ్యాహ్నం కూర్చుంటే చేత్తో చూడవచ్చు. అదే 30 చోట్లలో 5 ఎంచుకోవాలంటే 1,42,506 విధాలు. అందుకే కంప్యూటరు కావాలి. ఇది వైఫైకే పరిమితమైన చిక్కు కాదు. ఉన్న కాసిని కేంద్రాలతో వీలయినంత ఎక్కువమందికి అందేటట్టు చోట్లు ఎంచడమెలా అన్న ప్రశ్నకు 1974లోనే చర్చ్, రెవెల్ అనే ఇద్దరు అమెరికన్లు లెక్క కట్టారు. అంబులెన్సు ఎక్కడ నిలపాలన్నా, ఫైరింజను ఎక్కడ ఉండాలన్నా ఇదే లెక్క.

ఇక్కడే నేను మీ అందరి దృష్టినీ కోరుతున్నాను. "వీలయినంత ఎక్కువమందికి" అని యంత్రాన్ని అడిగితే, మొదట వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? రెండు పెట్టెలూ ముందు భాగంలోనే! ఒకటి ఆఫీసులో, ఒకటి హాల్లో. కుర్చీలు ఎక్కువగా ఉన్నది ముందు హాల్లోనే కాబట్టి దాని లెక్క ప్రకారం అది సరైన జవాబే. "సగటు బాగుంది తాతా" అన్నాడు మా వాడు.

అర్థమయ్యేందుకు గుండు అంకెలతో చెబుతాను. ఒక పథకంలో హాలుకు మైనస్ 45, ఆఫీసుకు 50, వరండాకు 55, వెనుక గదికి 85 వచ్చిందనుకోండి. సగటు దాదాపు మైనస్ 59. ఇంకో పథకంలో అవే నాలుగు చోట్లకు వరుసగా 55, 58, 62, 66. సగటు మైనస్ 60. సగటు చూస్తే మొదటిదే మేలు. కానీ మొదటి పథకంలో వెనుక గదివారికి పని జరగదు. రెండో పథకంలో నాలుగు చోట్లా జరుగుతుంది. ముందు హాలువారికి కొంత తగ్గింది నిజమే, కానీ అవసరానికి మించి ఉన్నదే తగ్గింది. వెనుక గదికి 85 నుంచి 66కు రావడమంటే సిగ్నల్ సుమారు 80 రెట్లు పెరగడం.

అందుకని నేను ప్రశ్న మార్చమన్నాను. సగటు అడగవద్దు, ఈ భవనంలో అందరికన్నా తక్కువ అందే కుర్చీ ఏదో చూసి, ఆ కుర్చీకి వీలయినంత ఎక్కువ అందే చోట్లు చెప్పమన్నాను. కొలతలు అవే, యంత్రం అదే, జవాబు మారిపోయింది. ఒక పెట్టె హాలు వెనుక దూలం మీద, రెండోది వెనుక గదికి పోయే నడవలో, రాతి గోడ దాటిన తరువాత. కంప్యూటరే చెప్పిందని ఎవరైనా అంటే, దాన్ని ఏమని అడిగారో కూడా అడగండి.

కోశాధికారి గారికి ఇందులో ఒక అభ్యంతరముంది, దాన్ని దాచను. నడవ దాకా తీగ లాగాలంటే రాతి గోడకు రంధ్రం వేయాలి, ఖర్చు పెరుగుతుంది. తీగ లేకుండా ఒక పెట్టె నుంచి ఇంకోదానికి గాలిలోనే అందించే రకం ఉన్నాయి గదా అన్నారు. ఉన్నాయి. కానీ రాతి గోడకు ఇవతలి నుంచి అవతలికి అందించే పెట్టెకు కూడా ఆ రాతి గోడే అడ్డం. ఫోనును ఆపిన గోడ పెట్టెకు దారి ఇవ్వదు. తీగే నయమని నలభై ఏళ్లు తీగ లాగినవాడిగా చెబుతున్నాను, దీన్ని మీరు పక్షపాతమన్నా సరే.

మరొకరు, "ఇంత తిరగడమెందుకు, ప్లాను ఇస్తే చాలు, యంత్రమే పటం గీసే పద్ధతులు వచ్చాయట గదా" అన్నారు. అదీ నిజమే. 2021లో జర్మనీ పరిశోధకులు రేడియోయూనెట్ అనే పద్ధతిని ప్రచురించారు. వీధుల పటం ఇస్తే సిగ్నల్ ఎక్కడెక్కడ ఎంత అందుతుందో అది కనురెప్పపాటులో రంగులతో చూపిస్తుంది. మెచ్చుకోదగిన పని. అయితే దానికి నేర్పింది అంకారా, బెర్లిన్, గ్లాస్గో, లండన్, ల్యుబ్లియానా, టెల్ అవీవ్ నగరాల పటాలతో. అవి కూడా కాలినడకన కొలిచినవి కావు, కంప్యూటరే లెక్కగట్టినవి. అందులో స్టేషన్ ఘన్‌పూర్ లేదు. డంగుసున్నపు గోడ లేదు. దాన్ని తప్పుపట్టడం లేదు, ఎవరి ఊరికి వారు కొలుచుకున్నారు. మన గోడ సంగతి మనం కొలిచి చెప్పకపోతే, దాని దృష్టిలో అది మరో గోడ మాత్రమే.

సిగ్నల్ అందడం ఒకటి, అందరికీ వంతు రావడం ఇంకొకటి. పాత పార్టీ లైను గుర్తుందా? ఒకే తీగ మీద ఇద్దరు చందాదారులు, ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలి. వైఫై ఇప్పటికీ అంతే. ఒకే ఛానెల్ మీద ఉన్న ఫోనులన్నీ ముందు విని, ఖాళీ ఉంటేనే మాట్లాడతాయి. 2.4 పట్టీలో ఒకదానికొకటి తగలని ఛానెళ్లు 1, 6, 11, మూడే. కాబట్టి పక్క పక్కనే నాలుగు పెట్టెలు పెడితే నాలుగు రెట్లు బాగుంటుందనుకోవద్దు, ఒకదాని మాట ఒకదానికి అడ్డం పడుతుంది. రైల్‌టెల్, గూగుల్ కలిసి 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో ఉచిత వైఫై మొదలుపెట్టి, అదే ఏడాది ఏప్రిల్‌లో మన కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం స్టేషన్లకు తెచ్చినప్పుడు ఈ చిక్కే పెద్దది. రైలు వచ్చినప్పుడు వందల ఫోనులు ఒక్కసారిగా వస్తాయి, రైలు పోతే ప్లాట్‌ఫారం ఖాళీ. గూగుల్ 2018లో 400 స్టేషన్లు పూర్తిచేసి, 2020లో తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. రైల్‌టెల్ కొనసాగించి వేల స్టేషన్లకు విస్తరించింది. మన రైలు నవంబరులో వస్తుంది. మిగతా పదకొండు నెలలు పత్రికలు చదివే నలుగురే ఉంటారు. కాబట్టి నవంబరు శిబిరాన్ని బట్టే లెక్క చూడాలి గాని, ఏడాది వాడకాన్ని బట్టి కాదు.

ఇంకొక్క పని మిగిలింది. మేము కొలిచింది ఖాళీ భవనం. కుర్చీల నిండా మనుషులు కూర్చున్నప్పుడు కొలవలేదు, అది ఇద్దరితో అయ్యే పని కాదు. వచ్చే ఆదివారం పది గంటలకు వీలయినవారందరూ ఇక్కడికి రండి. వెనుక గదిలో మామూలుగా కూర్చునేవారు తప్పనిసరిగా రావాలి, మీ మీ కుర్చీల్లోనే కూర్చోవాలి. ఫోను తెచ్చుకోండి, ఛార్జింగు పెట్టుకుని తెచ్చుకోండి. మా మనుమడు నోటు పుస్తకంతో ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాడు. బీరువాలను అంతవరకు ఎవరూ కదల్చవద్దని మనవి. ఆ కొలతలతో లెక్క మళ్లీ చూసి, నడవకు తీగ లాగడానికి అయ్యే ఖర్చుతో సహా కాగితం మీద పెట్టి, వచ్చే నెల కార్యవర్గ సమావేశానికి ఇస్తాను. టీ ఏర్పాటు కోశాధికారి గారు చూస్తామన్నారు.